పద్నాలుగో ప్రశ్న

"అవేమైనా చుట్టాలా, మంచం మీద పడుకోబెట్టడానికి?" అంది దేవకుమారి. పొద్దుటినుంచి ఆమె ఆ మాట అనడం ఇది మూడోసారి.

"గరాజ్‌లో తేమ. అట్ట ఉబ్బుతుంది," అన్నాడు కృపావరం. అతను ఆ జవాబివ్వడమూ మూడోసారే.

"పైన ప్లాస్టిక్ షీటు కప్పండి."

"ఎందుకు కప్పడం? ఖాళీ మంచమేగా. ఎవరు పడుకుంటున్నారని దాని మీద?"

దేవకుమారి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ గది కూతురు లూసీది. మూడేళ్లుగా అందులో ఎవరూ పడుకోలేదు. ఇప్పుడు మంచం మీద, డెస్కు మీద, కిటికీ గట్టు దాకా ఎన్నికల బోర్డులు పేర్చి ఉన్నాయి. అమెరికన్లకి నోరు తిరగదని పేరు కురచ చేసి, 'క్రూపా ఫర్ సిటీ కౌన్సిల్' అని నీలం అక్షరాలతో అచ్చు వేయించాడు కృపావరం. రెండేళ్ల కిందట, 1985లో, ఇదే సీటుకి నిలబడి నూట ఎనభై ఓట్ల తేడాతో ఓడిపోయాడు. నీళ్ల పైపుల ఇంజినీరు. ఆ ఊళ్లో ఏ వీధి కింద ఎంత పాత పైపు ఉందో అతనికి తెలిసినంతగా కౌన్సిల్లో ఎవరికీ తెలియదు. ఓడిపోయిన తర్వాత ఆరు నెలలపాటు, తనకి పడకుండా పోయిన ఆ నూట ఎనభై ఓట్లు ఎవరివై ఉంటాయా అని ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఈసారి కనిపెట్టాడు. ఊళ్లో గే, లెస్బియన్ ఓటర్ల క్లబ్బు ఒకటి ఉంది. ప్రతి ఎన్నికకీ వాళ్లు తాము బలపరిచే పేర్లు ఊదారంగు కార్డు మీద అచ్చు వేసి, పోలింగ్ జరిగే స్కూళ్ల బయట నిలబడి పంచుతారు. ఆ కార్డు చేతిలో పట్టుకుని లోపలికి వెళ్లి, అందులో ఉన్నట్టే ఓటేసి వచ్చేవాళ్లు వెయ్యిమందికి తక్కువ ఉండరని అందరూ అనుకుంటారు. పోయినసారి ఆ క్లబ్బు పంపిన ప్రశ్నల కాగితాన్ని కృపావరం విప్పను కూడా విప్పకుండా చెత్తబుట్టలో పడేశాడు. ఈసారి అదే కాగితం భోజనాల బల్ల మీద, అతని కళ్లద్దాల పక్కన ఉంది. పద్నాలుగు ప్రశ్నలు.

"లూసీకి ఫోన్ చెయ్యి," అన్నాడు ఉన్నట్టుండి. "ఆదివారం భోజనానికి రమ్మను."

దేవకుమారి చేతిలో గిన్నె బల్ల మీద పెట్టింది. "మన లూసీనా?"

"ఇంకెంతమంది లూసీలు ఉన్నారు నీకు? అది ఆ క్లబ్బు కమిటీలో ఉందట. మన సామ్యూల్ పేపర్లో పేరు చూశాడు. ఐదుగురిలో ఒకతి."

మూడేళ్ల కిందట ఇదే బల్ల దగ్గర లూసీ తను ఎలెన్‌తో కలిసి ఉండబోతున్నానని చెప్పింది. ఎలెన్ అంటే ఫ్రెండ్ కాదని కూడా చెప్పింది. ఇంటి తాళంచెవి బల్ల మీద పెట్టి పొమ్మన్నాడు కృపావరం. ఆ సమయంలో దేవకుమారి వంటింట్లో ఉంది. అక్కడి మాటలు వినబడకుండా సింకులో కుళాయి పూర్తిగా తిప్పింది. కుళాయి కట్టేసి వచ్చేసరికి లూసీ లేదు. తర్వాత దేవకుమారి రెండుసార్లు చర్చి ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. రెండుసార్లూ ఎలెన్ ఎత్తింది. రెండుసార్లూ మాట్లాడకుండా తనే పెట్టేసింది.

ఇప్పుడు మొగుడే చెయ్యమంటున్నాడు. ఎందుకు రమ్మంటున్నాడో ఆమెకి తెలియక కాదు. ఎందుకైతేనేం, రమ్మంటున్నాడు. తడిచెయ్యి చీరకి తుడుచుకుని ఫోన్ దగ్గరికి వెళ్లింది.

లూసీ వచ్చింది. జుట్టు చెవుల పైదాకా కత్తిరించుకుంది. ఆరేళ్ల వయసులో బాపట్ల నుంచి వచ్చిన పిల్ల, ఇప్పుడు ఇరవై ఏడు. యూనివర్సిటీ లైబ్రరీలో పని. కొడుకు సామ్యూల్, కోడలు సుమతి అప్పటికే బల్ల దగ్గర ఉన్నారు.

"మా తమ్ముడు లేని లోటు తీరింది, లూసీ నిన్ను చూస్తే," అని సుమతి నవ్వింది. "వెనకనుంచి అచ్చం వాడే."

"మీ తమ్ముడు అందంగా ఉంటాడా వదినా?"

"ఆఁ, వాడికి పెళ్లైందిలే."

అందరికీ స్టీలు కంచాలు పెట్టిన సుమతి, లూసీ ముందు పేపర్ ప్లేటు పెట్టింది. ఏదో పత్రికలో చదివిందట. అలాంటివాళ్లకి వచ్చే ఎయిడ్స్ జబ్బు ఆడవాళ్లకి కూడా రావచ్చట. దేవకుమారి చూసింది. లోపల అల్మరాలో ఇంకా నాలుగు కంచాలున్నాయి. లేచి తేవచ్చు. తెస్తే సుమతి ఏదో అంటుంది, దానికి సామ్యూల్ ఏదో అంటాడు, మొదటిరోజే గొడవ అవుతుంది. రొయ్యల కూర అందుకుని లూసీకి అందరికంటే ఎక్కువ వడ్డించింది. పేపర్ ప్లేటు పులుసుకి మెత్తబడి మధ్యకి కుంగింది. లూసీ ఎడంచెయ్యి దాని కింద పెట్టుకుని తింది.

ప్రార్థన అయ్యీ కాకముందే కృపావరం మొదలుపెట్టాడు. "కమిటీలో నీ మాట చెల్లుతుందా?"

"అందరి మాటా ఒకటే నాన్నా."

"మనమనిషి లోపల ఉన్నాక ఇంకేం కావాలి!" అన్నాడతను సామ్యూల్‌తో. "మా నాన్న రోజుల్లో మిషనాస్పత్రిలో మంచం దొరకాలంటే కాంపౌండర్ మనవాడైతే చాలు. డాక్టర్ని అడిగే పనే లేదు."

"అలా కాదు నాన్నా," అంది లూసీ. "అందరికీ అవే ఫోర్టీన్ క్వశ్చన్స్. రాసి పంపాలి. తర్వాత ఇంటర్వ్యూ, అరగంట. తర్వాత కమిటీ రిపోర్ట్ రాసి మెంబర్స్ అందరికీ పోస్ట్‌లో పంపుతుంది. మీటింగ్‌లో మెంబర్స్ ఓట్ చేస్తారు. మూడింట రెండు వంతులు రావాలి. అప్పుడే కార్డు మీద పేరు."

"ఆ రిపోర్టు నువ్వు రాయి."

"నేను రూమ్‌లో కూడా ఉండను. కమిటీవాళ్ల బంధువులు ఎవరైనా నిలబడితే, వాళ్ల టర్న్ వచ్చినప్పుడు మేం బయట కూర్చోవాలి. వాళ్ల గురించి మంచి చెప్పకూడదు, చెడ్డ చెప్పకూడదు, ఓట్ చెయ్యకూడదు. కమిటీ రూల్."

"ఎవరికీ చెప్పకుండా ఒక్కమాట..."

"చెప్పను నాన్నా."

కృపావరం అన్నం కలపడం ఆపాడు. నిజంగానే అర్థంకాని మనిషిలా అడిగాడు. "అయితే నిన్ను పిలిచింది దేనికి?"

సామ్యూల్ ఫక్కున నవ్వి, నవ్వినందుకు దగ్గు తెచ్చుకున్నాడు. సుమతి ఫ్రిజ్ వైపు వెళ్లింది. లూసీ తల్లి వైపు తిరిగి, "కొంచెం చారు పొయ్యమ్మా," అంది.

దేవకుమారి కారు దాకా వెళ్లింది. ముందు సీట్లో పక్కన తెల్లటి పిల్ల ఒకతి పుస్తకం చదువుకుంటూ ఉంది. కిటికీలు దించి ఉన్నా ముఖం నిండా చెమట. సెప్టెంబరు చివరైనా ఎండ తగ్గలేదు. గంటన్నరనుంచి ఆ పిల్ల అక్కడే ఉందని దేవకుమారికి అప్పుడు తెలిసింది.

"లోపలికి రావచ్చుగా," అంది, ఎవరితోనో తెలియకుండా.

"ఎలెన్‌ని ఎవరూ పిలవలేదమ్మా," అంది లూసీ.

"వచ్చే ఆదివారం వస్తావా?"

"నాకోసం పిలిస్తే వస్తా. నాన్న ఎలక్షన్ కోసం కాదు. నన్ను చూడాలని నీకుంటే పిలువు, వస్తా."

"ఉంటుందే. నాకెందుకుండదు?"

లూసీ తల్లి ముఖంలోకి చూసింది. "సరే అయితే," అంది. మూడేళ్ల తర్వాత మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు దేవకుమారి లోపల చాలా రోజులు ఉండిపోయింది. అదివరకు ఎంత ప్రార్థించినా దొరకనిది కారు పక్కన నిలబడితే దొరికింది.

పది రోజుల తర్వాత ఇంటర్వ్యూ. లైబ్రరీ మేడమీద గదిలో జరిగింది. కృపావరం తిరిగొచ్చి బూట్లు విప్పకుండానే సోఫాలో కూలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది.

"పైపుల గురించి ఒక్కరూ అడగలేదు," అన్నాడు. "సిటీ ఉద్యోగాల్లోంచి వాళ్లని తీసెయ్యకుండా రూలు పెడతారా అన్నారు. పెడతానన్నాను. పార్కులో పోలీసులు కొడుతున్నారు, ఆపిస్తారా అన్నారు. ఆపిస్తానన్నాను. జబ్బు పడ్డవాళ్లకి ఇంటికి నర్సుని పంపిస్తారా అన్నారు. ఎందుకు పంపించను? నా జేబులోంచా?"

"లూసీ కనిపించిందా?"

"వరండాలో కాఫీ మిషను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది, బడిలో బయట నిలబెట్టినట్టు. అసలు సంగతి విను. ఆఖర్న పద్నాలుగో ప్రశ్న ఉందే, 'మాతో అన్న మాటలు మీ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూడా అంటారా' అని? దానికి నేను 'యస్' అని ఒక్కముక్క రాసి పంపాను. వాళ్ల చైర్మన్ ముసలావిడ, మార్గరెట్టో ఎవరో, వివరంగా చెప్పమంది. చెప్పాను."

"ఏం చెప్పారు?"

"మీ లూసీ నా కూతురే, నా ఇంట్లోనే ఉంటోంది, రోజూ నా బల్ల దగ్గరే తింటుంది అన్నాను. మా దేశంలో తండ్రి బిడ్డని వదులుకోడు అన్నాను." కృపావరం కళ్లు చెమర్చాయి. ఆ మాట చెప్పేటప్పుడు అక్కడ కూడా చెమర్చి ఉంటాయి. "ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు, దేవీ. గడ్డం ఉన్న మనిషి!"

దేవకుమారి అతని పక్కన కూర్చుంది. "ఇంట్లో లేదుగా."

"లేదని చెప్పడానికి లూసీకి నోరు లేదు. దాని రూలు అదే చెప్పింది కదా, మంచి చెప్పకూడదు, చెడ్డ చెప్పకూడదని. కమిటీలో కొత్తగా చేరింది, దాని ఇల్లు వాళ్లెవరూ చూడలేదట. ఎక్కడుంటోందని వాళ్లు దాన్ని అడగనూ కూడదు." ఆ రూలు ఇప్పుడతనికి బాగా నచ్చింది. "కాకపోతే ఇంకో రూలుందట. ఇంటి సంగతి ఏదైనా చెబితే ఆ ఇంట్లో ఇంకొకరిని అడిగి రాసుకుంటారట. నీ పేరిచ్చాను. రేపో ఎల్లుండో ఫోన్ చేస్తారు. అవునను."

"అబద్ధం ఎలా ఆడతానండీ?"

"అబద్ధం ఎందుకవుతుంది? నువ్వు అవునంటే నిజమవుతుంది. ఆ గది ఖాళీ చేయించు. దాన్ని రమ్మను. వచ్చి ఉండమను. నేను వద్దంటున్నానా?"

"ఎలెన్?"

"ఆ పేరు ఎత్తకు. లూసీ వరకే చెబుతున్నాను. లేదంటావా, అనెయ్. నేను ఓడిపోతాను, అంతే. ఈ ఇంట్లో ఇంక దాని పేరు తలిచేవాళ్లుండరు. నీ ఇష్టం."

ఫోన్ గురువారం సాయంత్రం నాలుగింటికి వచ్చింది. దేవకుమారి ఒక్కతే ఉంది. మార్గరెట్ గొంతు నెమ్మదిగా, పిల్లలకి డిక్టేషన్ చెప్పే టీచరు గొంతులా ఉంది. లూసీ మీ ఇంట్లోనే ఉంటోందని మీ ఆయన చెప్పారు, నిజమేనా అని అడిగింది.

దేవకుమారి గోడకి ఆనుకుంది. అవునంటే గది తెరుచుకుంటుంది. లేదంటే మూసుకుంటుంది. అంతకుమించి ఆమెకి ఏమీ కనిపించలేదు.

"యస్," అంది.

"థాంక్యూ. అంతే కావాలి," అంది మార్గరెట్. కానీ ఫోన్ పెట్టలేదు. "మా అమ్మ నాతో పందొమ్మిదేళ్లు మాట్లాడలేదు. పోయినప్పుడు కూడా నన్ను రానివ్వలేదు. మీ అమ్మాయి అదృష్టవంతురాలు."

ఒక్క ముక్కతో సరిపోయేది. కానీ దేవకుమారి ఆగలేకపోయింది. తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయింది. పొద్దున్నే తనే కాఫీ కలిపి లూసీ గదికి తీసుకెళ్తానని, అది లేవకపోతే పాదాలు గిల్లుతానని. లైబ్రరీకి టిఫిన్ డబ్బా కట్టి ఇస్తానని. ఆదివారం తలకి నూనె రాస్తానంటే జుట్టు లేదుగా అని నవ్వుతుందని. వాళ్ల నాన్న కోప్పడితే తను అడ్డంపడతానని. ఎప్పుడూ అడ్డంపడ్డానని. చెబుతున్నంతసేపూ ఆమెకి అవన్నీ జరిగినట్టే ఉంది. అవతల పెన్ను గీస్తున్న చప్పుడు వినబడింది.

ఫోన్ పెట్టేశాక గంటసేపు ఒక్కతే కష్టపడి బోర్డులన్నీ గరాజ్‌లోకి మోసింది. మంచం దులిపి కొత్త దుప్పటి పరిచింది. అప్పుడు లూసీకి ఫోన్ చేసింది. "నాన్న చెబితే కాదే, నాకోసమే పిలుస్తున్నాను. ఆదివారం రా," అంది.

"వస్తానమ్మా," అంది లూసీ. సంతోషంగానే అంది. రిపోర్టు అప్పటికింకా అచ్చవలేదు.

శనివారం పోస్టులో రిపోర్టు క్లబ్బు మెంబర్లందరికీ చేరింది. కృపావరాన్ని బలపరచాలని కమిటీ నలుగురూ ఏకగ్రీవంగా సిఫార్సు చేశారని ఆ సాయంత్రం మార్గరెట్టే ఫోన్ చేసి చెప్పింది. మంగళవారం మెంబర్ల ఓటింగ్ మిగిలింది. కమిటీ చెప్పినదాన్ని మెంబర్లు కాదన్న సందర్భం ఇంతవరకు లేదట.

ఆదివారం లూసీ ఒంటిగంటకి వచ్చింది. ఈసారి కార్లో ఎవరూ లేరు. దేవకుమారి చెయ్యి పట్టుకుని నేరుగా గదికి తీసుకెళ్లింది. "చూడు, ఎలా సర్దానో! ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి పడుకో. నాన్న ఒప్పుకున్నారు."

లూసీ గుమ్మంలోనే నిలబడింది. కొత్త దుప్పటి వంక చూసింది. తర్వాత తల్లి పాదాల వంక చూసింది, ముఖం వంక కాదు.

"పొద్దున్నే కాఫీ కూడా ఇస్తావట కదా," అంది. "లేవకపోతే గిల్లుతావట. ఎనిమిదొందల మందికి మెయిల్ చేశారు అమ్మా. ఎలెన్ నాకు చదివి వినిపించింది. నాన్న కోప్పడితే నువ్వు అడ్డంపడ్డావట."

"లూసీ, నిన్ను రప్పించుకోడానికేనే..."

"తెలుసు. భోజనం పెట్టు, అందరూ ఎదురు చూస్తున్నారు."

ఈసారి లూసీ ముందు స్టీలు కంచం ఉంది. కృపావరమే పెట్టించాడు. అతను హుషారుగా ఉన్నాడు. ప్రార్థనలో ఇంట్లో అందరి పేర్లూ చెప్పి, లూసీ పేరు కూడా చెప్పాడు.

"అయ్యగారు నిన్న అడిగారు, ఆ క్లబ్బువాళ్లు నీ పేరు ఎందుకు వేస్తున్నారయ్యా అని," అన్నాడు వడియం నములుతూ. ర్యాలీ నగరంలో ప్రతి నెలా రెండో శనివారం జరిగే తెలుగు ప్రార్థనకి వచ్చే పాస్టర్ గురించి అతను చెబుతున్నది. "నేనడగలేదండీ, వాళ్లే వేసుకుంటున్నారు, ఎవరి కాగితం మీద ఎవరి పేరు అచ్చేసుకుంటే మనం ఆపగలమా అన్నాను. నిజమేనయ్యా అన్నారు."

"మరి ఉద్యోగాల రూలు, పోలీసులు, అవన్నీ?" అన్నాడు సామ్యూల్.

"ముందు సీట్లో కూర్చోనివ్వరా. కూర్చున్నాక చూసుకోవచ్చు. ఏడుగురిలో నేనొక్కడినే చెయ్యెత్తి ఏం చెయ్యగలను?" లూసీ వైపు తిరిగాడు. "నువ్వేమీ అనుకోకు అమ్మాయ్. రాజకీయాలంటే ఇంతే. మీవాళ్లకీ తెలుసు."

"లూసీకి మాత్రం ఏం నష్టం మావయ్యా," అంది సుమతి. "గది వచ్చింది, కంచం వచ్చింది."

"సుమతీ," అంది దేవకుమారి. ఇన్నేళ్లలో ఆమె కోడల్ని కసిరింది అదే మొదటిసారి. ఎవరూ పట్టించుకోలేదు. లూసీ కూడా తలెత్తలేదు.

"అన్నట్టు, నవంబరు దాకా ఆదివారాలు వస్తూ ఉండు," అన్నాడు కృపావరం. "ఎవరైనా చూస్తే బాగుంటుంది. నీ కారు బయట కనబడేలా పెట్టు. తర్వాత సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాతేంటండీ?" అంది దేవకుమారి. "గది దానిదేనన్నారు కదా."

"ఎలక్షన్ అయ్యేదాకా అన్నాను."

"అలా అనలేదు మీరు."

"అనలేదా? ఇప్పుడంటున్నాను."

దేవకుమారి కూతురి వైపు చూసింది. ఇప్పుడైనా తను ఎందుకు ఆ పని చేసిందో, తనని కూడా ఎలా మోసం చేశారో దానికి అర్థమవుతుందని ఆశపడింది. లూసీ పెరుగన్నం ఆఖరి ముద్ద తిని, గ్లాసులో నీళ్లు సగం తాగి, మూతి తుడుచుకుంది.

"నేను ఒకటి చెప్పాలి, అందరికీ," అంది. గొంతు పెంచలేదు. అన్నం బాగుంది అన్నంత మామూలుగా అంది. "నిన్న కమిటీకి రిజైన్ చేశాను. మార్గరెట్‌కి లెటర్ ఇచ్చాను. మాట్లాడకూడదన్న రూల్ కమిటీవాళ్లకే. మామూలు మెంబర్స్‌కి లేదు."

కృపావరం కంచం పక్కకి తోశాడు.

"మంగళవారం మీటింగ్‌కి వెళ్తున్నా. ఓటింగ్ ముందు ఎవరైనా లేచి మాట్లాడచ్చు. రెండు నిమిషాలు ఇస్తారు."

"కన్నతండ్రి మీదా?" అన్నాడు సామ్యూల్.

లూసీ అన్నవైపు చూడలేదు. తల్లివైపే తిరిగి, ఆమెకి బాగా అర్థమయ్యేలా, పూర్తిగా తెలుగులో చెప్పింది. "ఇంక ఈ ఇంటికి రాను. నువ్వు పిలిచినా రాను. మంగళవారం ఒక నిమిషం నాన్న చెప్పిన అబద్ధం గురించి మాట్లాడతాను. ఇంకో నిమిషం నీ గురించి, అమ్మా."